ఇరవై రెండు రోజుల నెల

కొత్త ఏడాదికి 12 రోజులు

ఈ ఊళ్ళో తేదీ పిలవడం నా ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళు ఎగువనా ఉన్నారు, దిగువనా ఉన్నారు. నవ్వనీ. మంచుపాలెంలో తెల్లారదు, పొద్దుగూకదు. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక ఉపగ్రహంలో, రెండు కిలోమీటర్ల మంచు కింద నాలుగు వేలమందిమి బతుకుతున్నాం. నేను గంట కొడితే దీపాలు తెల్లబడతాయి. మెట్లమీద నిలబడి నేను తేదీ పిలిస్తేనే ఆ తేదీ వచ్చినట్టు. నా పేరు చామర్తి కనకవల్లి. వయసు యాభై మూడు, ఈ పనిలో పద్నాలుగేళ్ళు. ఊరు మాత్రం తేదీలక్క అంటుంది.

ఈ ఊరు కట్టిన పెద్దాయన భూమ్మీద చరిత్ర పాఠాలు చెప్పుకున్న మనిషి. ఆయనకు రోమన్ల పిచ్చి. ఇంతమందిని మంచు కింద మూసిపెడితే ఎవడో ఒకడు రాజై కూర్చుంటాడని భయపడి, రాజును తరిమేశాక రోమన్లు ఏం చేశారో అదంతా నిబంధనల పుస్తకంలో ఎక్కించాడు. ఊరిని నడిపే కాన్సుళ్ళు ఇద్దరు, ఒక్క ఏడాదే పదవి, ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనొచ్చు. తేదీలు కూడా రోమన్ల పద్ధతే, వెనక్కి లెక్క. ఇవాళ ఎన్నో తారీకు అని కాదు, రాబోయేదానికి ఇంకెన్ని రోజులని. అదీ ఇవాళ్టినీ ఆ రోజునీ రెంటినీ కలిపి. అందుకే మా లెక్కలో మూడు తర్వాత రెండు రాదు. 'ముందురోజు' వస్తుంది, ఆ మర్నాడు కొత్త ఏడాది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇక్కడే తడబడతారు.

ఇవాళ గంట కొట్టాక, రోజూలాగే మాటలు మోసే తీగ మీద కప్పుకు తేదీ చెప్పాను. కప్పు అంటే మంచుకు పైన, బయట. అక్కడ తొమ్మిదిమంది రేకుల గుడిసెలో ఉంటూ, మమ్మల్ని వెచ్చగా ఉంచే పలకలు చెడిపోతే బాగుచేస్తుంటారు. గురుగ్రహం నుంచి వచ్చే కిరణాలు వాళ్ళ ఒంటిని తింటాయి. ఒక ఏడాది దాటి ఎవరూ ఉండకూడదు. జట్టు పెద్ద ఎస్తేరు తేదీని తిరిగి చెప్పింది. విన్నట్టు అలా తిరిగి చెప్పాలి, అది రివాజు. చెప్పేసి, "పన్నెండు, పన్నెండు" అని తనలో తను ఇంకోసారి అనుకుంది. దగ్గుతోంది.

కొత్త ఏడాదికి 11 రోజులు

కుండ పట్టుకుని చాకిరేవుకు వెళ్ళాను. ఏ కుండో రాయడానికి నాకేం మొహమాటం లేదు, మూత్రం కుండ. సబ్బు లేని చోట మురగబెట్టిన మూత్రం బట్టల జిడ్డు విరుస్తుందని రోమన్ల దగ్గర నేర్చుకున్నదే. వాళ్ళ వీధి మలుపుల్లో కుండలు పెట్టి ఉండేవట. మాకు బోయ నాగరత్నం గుమ్మం దగ్గర ఉంటాయి.

నాగరత్నం బట్టలుతుకుతుంది. ఈ ఏడాది దిగువ గల్లీ తరఫు ట్రిబ్యూన్, అంటే జనానికి అండగా నిలబడే మనిషి, కూడా ఆమే. ట్రిబ్యూన్ ఇంటి తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. కష్టం వచ్చినవాడు ఏ వేళలోనైనా లోపలికి నడిచి రావచ్చు. ఆమె ఒంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, వేసినవాణ్ణి చంపినా నేరం కాదని పుస్తకంలో ఉంది. ఆమె ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళకీ అదే రక్ష. తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి, లోపల మంచం మీద ఆమె మొగుడు ఓబులేసు ఊరందరికీ కనపడుతూనే ఉంటాడు. యాభై ఏడో ఏడు కప్పు మీద పనిచేసి వచ్చాడు. రక్తం చెడింది. నాలుగేళ్ళుగా ఆ మంచమే. గంట దగ్గరికి నా దారి ఆ గుమ్మం ముందునుంచే. నేను తల తిప్పకుండా నడుస్తాను.

ఇవాళ తప్పించుకోలేకపోయాను. నాగరత్నం నన్ను లోపలికి లాగి, కప్పు మీదినుంచి ఉతుక్కి దిగిన ఒక లోచొక్కా చూపించింది. కిరణాలు తగిలేకొద్దీ నల్లబడే పట్టీ దానిమీద కుట్టి ఉంటుంది. ఏడాది నిండేసరికి అంచులు మిగలాలి. ఇది అంచులతో సహా బొగ్గు.

"ఇది ఎస్తేరుది అక్కా. ఇంగా పది దినాలుండాది. ఇప్పుడే ఇట్ల అయిపోయినాది. తక్కినోళ్ళవీ ఇంతే."

కారణం ఆమే చెప్పింది. గుడిసె పైన రెండు వరసల రేకులు ఉండాలి. తొమ్మిది నెలల కిందట కాన్సుల్ ముద్ర ఉన్న కాగితం పంపి ఒక వరస ఊడదీయించారట, కొత్తవి వస్తాయని. రాలేదు. తీసినవి ఎక్కడికి పోయాయో అడగక్కరలేదు. ఈ ఏడాదే ఎగువన కొత్త వేడినీళ్ళ స్నానశాల లేచింది. తళతళలాడే రేకుల గోడలు. కట్టించిన కాన్సుల్ రేవూరి జగదీశ్వర్ పేరు చెప్పి ఊరంతా జేజేలు కొట్టింది. నేనూ మూడు రోజులకోసారి వెళ్ళి ఆ నీళ్ళలో కూర్చుని వస్తున్నాను.

పదవిలో ఉన్నంతకాలం కాన్సుల్‌ను ఎవరూ విచారించలేరు. పదవి దిగిన గంటలో ఎవరైనా నిలదీయొచ్చు. నాగరత్నం ఆ గంట కోసమే చూస్తోంది. ఏడాది ముగిసిందని కొట్టే మేకు గోడలోకి దిగగానే జగదీశ్వర్ మామూలు మనిషి, అప్పుడు అందరి ముందూ అడుగుతుంది. కప్పు మీదివాళ్ళూ అదే రోజు దిగుతారు. పది రోజులు ఓపిక పడితే చాలు అంది. నేను తల ఊపి వచ్చేశాను.

కొత్త ఏడాదికి 9 రోజులు

జగదీశ్వర్ కబురు పెడితే స్నానశాలకు వెళ్ళాను. ఈయన గురించి ఒక సంగతి రాసి ఉంచాలి. కాన్సుల్ కాకముందు ఈయన పేరందించేవాడు. పెద్దమనుషులు జనంలోకి వెళ్ళినప్పుడు పక్కన నడుస్తూ, ఎదురొచ్చేవాడి పేరు, వాడి పెళ్ళాం పేరు, వాడికున్న రోగం పేరు చెవిలో చెప్పే పని. రోమ్‌లో ఓట్లడిగేవాళ్ళు దీనికోసం మనిషిని పెట్టుకునేవారట. పదేళ్ళు ఒకరి చెవిలో మాట్లాడినవాడు ఏదీ మర్చిపోడు. ఎదుటివాడి ముఖం చూడగానే ఈయనకు వాడి బలహీనత గుర్తొస్తుంది.

నన్ను కూర్చోబెట్టి, వేడినీళ్ళు తెప్పించి, యోగక్షేమాలు అడిగి, ఆఖర్న విషయానికి వచ్చాడు. ఆయనకు అధికమాసం కావాలట.

మా ఏడాదికి మూడు వందల యాభై ఐదు రోజులే. భూమి లెక్కకు పది రోజులు తరుగు. ఆ తరుగు పూడ్చడానికి ఏడాది విడిచి ఏడాది, చివర్లో ఇరవై రెండు రోజుల నెల ఒకటి చేరుస్తాం. ఇదీ రోమన్లదే. మనవాళ్ళ పేరు తెలుసు కాబట్టి అధికమాసం అంటున్నాం. సరిసంఖ్య ఏడాదుల్లో వస్తుంది. ఆ ఏడాది కప్పుకు ఒక జట్టు కాక రెండు జట్లు పంపి చెరి సగం చేయిస్తారు. ఇది అరవై ఒకటి, కాబట్టి నెల లేదు, జట్టు ఒకటే. కానీ చేర్చాలా వద్దా అన్న మాట తేదీ పిలిచేవాళ్ళది. రోమ్‌లో కావలసినవాడు పదవిలో ఉంటే నెల చేర్చేవారట, కానివాడు ఉంటే ఎగ్గొట్టేవారట. చివరికి నెలలకూ ఋతువులకూ పొంతన లేకుండా పోయి, సర్దడానికి ఒక ఏడాదిని నాలుగు వందల నలభై ఐదు రోజులు సాగదీయాల్సి వచ్చింది.

"కనకవల్లి గారూ, అరవై రెండులో రావాల్సిన నెల అరవై ఒకటిలో వస్తే మిన్ను విరిగి మీద పడదు కదండీ. ఇరవై రెండు రోజుల్లో రేకులు కొత్తవి పోయించి పైకి పంపించేస్తాను. గుడిసె బాగవుతుంది, నా పరువూ నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు."

కప్పు మీదివాళ్ళ పట్టీలు నల్లబడ్డాయని చెప్పాను. తెలుసన్నాడు. ఇరవై రెండు రోజులు వాళ్ళకు ఎక్కువవుతాయన్నాను. వాళ్ళు కుర్రవాళ్ళు, తట్టుకుంటారన్నాడు. నేను లేవబోయాను. ఆయన గొంతు ఏమీ మారలేదు.

"యాభై ఏడులో మీరు చేర్చిన నెల సంగతి నాకు గుర్తుందండి. అప్పటి కాన్సుల్ గారి చెవి దగ్గర నేనే ఉన్నాను. తప్పుడు తేదీ పిలిచిన వాళ్ళకి ఒక ఏడాది కప్పు మీద అని పుస్తకంలో ఉంది కదూ? ఈ వయసులో మీరు పైన ఉండలేరండి."

నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

కొత్త ఏడాదికి 8 రోజులు

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. యాభై ఏడు బేసి ఏడు, నెల రాకూడదు. అప్పటి కాన్సుల్ కూతురి పెళ్ళి పదవిలో ఉండగా చెయ్యాలని ముచ్చటపడ్డాడు. యాభై ఎనిమిదిలో రావాల్సిన నెలను ముందుకు జరిపాను. దానికి నాకు దక్కింది వేడినీళ్ళ గొట్టం పక్కన రెండు గదుల ఇల్లు. అప్పటిదాకా చలిగదిలో నా కీళ్ళు పట్టేసేవి. ఎవరి ప్రాణమో పోతుందని అప్పుడు తోచలేదు. ఒక నెల ఇటు జరిగింది, అంతే కదా అనుకున్నాను. ఆ ఇరవై రెండు రోజులూ కప్పు మీద ఓబులేసు ఉన్నాడు.

ఆ గదుల్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. వెచ్చగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

పొద్దున రెండో కాన్సుల్ షేక్ మస్తాన్ వలి దగ్గరికి వెళ్ళాను. జగదీశ్వర్ చేసే ఏ పనినైనా కాదనగలిగినవాడు ఆయనొక్కడే. నెమ్మదస్తుడు, ఊరికే నవ్వుతాడు. తేదీ పిలవడం కాన్సుళ్ళ పని కాదు, కాబట్టి కాదనే హక్కు తనకు లేదన్నాడు. నిజమే. ఆ తర్వాత, నెల చేరితే తన పదవి కూడా ఇరవై రెండు రోజులు పెరుగుతుంది కదా అని అమాయకంగా అడిగాడు. ఆ కళ్ళలో ఆశ చూసి లేచి వచ్చేశాను.

కొత్త ఏడాదికి 5 రోజులు

తీగ మీద ఐదు అని చెప్పాను. ఎస్తేరు తిరిగి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముక్కునుంచి రక్తం కారుతుంటే తుడుచుకుంటున్నానంది. ఇద్దరు మంచం దిగడం లేదట. తక్కిన ఏడుగురు వాళ్ళ వంతు కూడా చేస్తున్నారు. దిగగానే స్నానశాలకు వెళ్తానంది, ఊళ్ళో అంతా చెప్పుకుంటున్నారట కదా చాలా బాగుందని. ఆ గోడలు తన గుడిసెవేనని ఆ పిల్లకు తెలియదు. నేనూ చెప్పలేదు.

నన్ను నేను మభ్యపెట్టుకోడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. నెల చేరిస్తే రేకులు నిజంగానే వస్తాయి కదా అని ఒకటి. తొమ్మిదిమందీ చావరు, ఇద్దరో ముగ్గురో అని ఇంకొకటి. ఈ రెండోది అనుకున్నందుకు నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించింది. చేర్చకపోతే ఆయన నోరు విప్పుతాడు. శిక్ష వచ్చే ఏడాది మొదలవుతుంది. వచ్చే ఏడాది అధికమాసం ఉన్నది. జట్లు సగంలో మారతాయి కానీ శిక్ష మీద వెళ్ళినవాళ్ళు మారరు. అంటే నాకు మూడు వందల డెబ్బై ఏడు రోజులు. నాకు లెక్కలు రాకపోతే బాగుండేది.

కొత్త ఏడాదికి 3 రోజులు

ఊరు పండగలో ఉంది. వచ్చే ఏటికి ఎన్నికైనవాళ్ళు, ఇంకా చిన్న పదవులకు పోటీ పడేవాళ్ళు సుద్ద రాసిన తెల్లబట్టలతో గల్లీల్లో తిరుగుతున్నారు. ఎవరిని కౌగిలించుకుంటే వాళ్ళకు సుద్ద అంటుతోంది. మనసు మచ్చలేనిదని చూపడానికి రోమన్లు పెట్టిన వేషం అది. నా గుమ్మం దగ్గర మాత్రం ఇద్దరు బెత్తాలవాళ్ళు నిలబడ్డారు. కాన్సుల్ ముందు బెత్తాల కట్టలు మోసుకుని నడిచే పన్నెండుమందిలో వాళ్ళు. నా రక్షణ కోసమట.

ఇవాళ ఓబులేసు దగ్గరికి వెళ్ళాను, అతనికి నిజం చెప్పేద్దామని. నాగరత్నం రేవులో ఉంది. ఓబులేసు లేచి కూర్చోలేక పక్కకు ఒత్తిగిలి, నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడు దోవ తెలిసిందా అని ఎకసక్కెమాడాడు. పైన ఉన్నవాళ్ళ గురించి అడిగాడు. ఆ తర్వాత తనంతట తనే యాభై ఏడు సంగతి ఎత్తాడు.

"దినాలు గీతలు గీసి పెట్టుకుంటాంటి. మూడు నూర్ల యాభై ఐదు అయిపాయ. కింద్నించి ఇంగా నెల ఉండాదంటిరి. మూడు మార్లు లెక్కబెట్టి, నాకే లెక్క రాదేమోలే అనుకున్యా."

కాళ్ళు లాగుతున్నాయని చెప్పి వచ్చేశాను. పిరికిదాన్ని.

ముందురోజు

జగదీశ్వర్ రేపు నేను పిలవాల్సిన మాట కాగితం మీద రాయించి పంపాడు. 'అరవై ఒకటి, అధికమాసం.' దస్తూరీ చాలా బాగుంది. కప్పుకు తేదీ చెప్పాను. ఎస్తేరు కాక వేరే ఎవరో తిరిగి చెప్పారు. ఎస్తేరు పడుకుందట.

అరవై రెండు, కొత్త ఏడాది

వరసగా రాస్తాను.

గంట కొట్టాను. మెట్ల కింద కిక్కిరిసి ఉన్నారు. నా కుడిపక్క గోడకు అరవై మేకులు. రోమన్లు తాము దేవుడిగా కొలిచే గురుడి గుడి గోడకు ఏడాదికొక మేకు కొట్టేవారట, మేమూ ఆ గురుడి కిందే ఉన్నాం కాబట్టి అలాగే చేస్తాం. ఏడాది ముగిసిందని నేను పిలిస్తే కాన్సుల్ మేకు కొడతాడు. ఆ దెబ్బతో పదవి అయిపోతుంది. ఇవాళ మేకు పళ్ళెం తెప్పించారు గానీ మూత తియ్యలేదు. జగదీశ్వర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నామీద అంత నమ్మకం.

ఆ ఖాళీ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ధైర్యం అని చెప్పుకోను, కోపమే. తీగ చివరి గరాటు నోటికి దగ్గరగా పెట్టుకుని, కప్పుకు కూడా వినపడేలా పిలిచాను. అరవై ఒకటి ముగిసింది, అరవై రెండు మొదలైంది అని.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు. జగదీశ్వర్ మాత్రం ఒక అడుగు ముందుకు వేసి, తేదీలక్కకు ఒంట్లో బాగాలేదు, పొరపాటున పిలిచింది, కిందికి దించి మళ్ళీ పిలిపించండి అన్నాడు. బెత్తాలవాళ్ళు ఇద్దరు మెట్లెక్కారు. ఒకడు నా భుజం మీద చెయ్యి వెయ్యబోయేంతలో నాగరత్నం వాళ్ళకంటే ముందు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఈమె నా చేతిలో ఉండాది. తాకేవాడు ముందుకు రాండి."

ఎవడూ రాలేదు. అప్పుడు జగదీశ్వర్ జనం వైపు తిరిగాడు. యాభై ఏడో ఏటి నెల సంగతి మొత్తం చెప్పాడు. ఎవరు అడిగారు, నేను ఏం తీసుకున్నాను, గదులు ఎన్ని, గొట్టం ఎటుపక్క, అన్నీ. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఇలాంటి మనిషి పిలిచిన తేదీని నమ్ముతారా అని అడిగాడు.

నా మణికట్టు మీద నాగరత్నం వేళ్ళు బిగుసుకున్నాయి. ఎముక విరుగుతుందనుకున్నాను.

"నిజమేనా అక్కా?"

నిజమే అన్నాను. అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాను. అప్పుడు పిలిచింది తప్పు, ఇప్పుడు పిలిచింది ఒప్పు, ముగిసిన అరవై ఒకటి బేసి ఏడు, కావాలంటే మేకులు లెక్కపెట్టుకోమన్నాను. నాగరత్నం నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళు నేను చూడలేకపోయాను. చెయ్యి విడిచేస్తుందనుకున్నాను. విడిస్తే బెత్తాలవాళ్ళు నన్ను దించేస్తారు, జగదీశ్వర్ తనకు కావలసినవాడితో మళ్ళీ పిలిపిస్తాడు, తొమ్మిదిమందీ పైనే ఉండిపోతారు.

"మేకు దిగేదాంక ఇడ్సను. దిగినాక నా గుమ్మం తొక్కొద్దు."

కింద జనం మేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముందు దిగువ గల్లీవాళ్ళు, తర్వాత అందరూ. అరవై దగ్గర ఆగి మస్తాన్ వలి వైపు చూశారు. నాలుగు వేలమంది అలా చూస్తే ఎంత నెమ్మదస్తుడైనా ఏం చేస్తాడు. పళ్ళెం మూత తీసి, సుత్తి తీసుకుని, వంకరగా కొట్టాడు. రెండుసార్లు జారింది. మూడో దెబ్బకు దిగింది.

జగదీశ్వర్ ముందు నిలబడ్డ పన్నెండుమందీ బెత్తాల కట్టలు దించి పక్కకు తప్పుకున్నారు. నాగరత్నం నా చెయ్యి వదిలేసి, ఆయన వైపు తిరిగి, రేకులు ఎక్కడివని అడిగింది. సాయంత్రానికి తొమ్మిదిమందినీ దించారు. ఎస్తేరును మోసుకొచ్చారు. బతికే ఉంది.

అరవై రెండు, తీర్పులయ్యాక

స్నానశాల విప్పి రేకులు పైకి పంపుతున్నారు. జగదీశ్వర్‌కు నీళ్ళూ నిప్పూ నిషేధం. రోమన్లు వెళ్ళగొట్టాలనుకున్నవాడికి వేసే శిక్ష అది. అతనికి ఎవరూ పొయ్యి ఇవ్వకూడదు, కాచిన నీళ్ళు ఇవ్వకూడదు. రోమ్‌లో అయితే ఇంకో ఊరు పోవచ్చు, ఇక్కడ ఎక్కడికి పోతాడు. ఊళ్ళోనే తిరుగుతున్నాడు, ఎవరి ముఖం చూసినా పేరు గుర్తొస్తుంది, పలకరిస్తే ఎవరూ పలకరు.

నాకు ఒక ఏడాది కప్పు. అడిగితే ఒప్పుకున్నాను, వాదించలేదు. ఎన్నిరోజుల ఏడాదో సభలో ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

నా పని ఓబులేసుకు ఇచ్చారు. దిగువ గల్లీ పట్టుబట్టింది. మంచంతో సహా మెట్లమీదికి మోసుకొస్తారట. లెక్క నేర్పడానికి అతను నన్ను కబురు పెట్టి పిలిపించలేదు. తీగ మీద నేర్పమన్నాడు.

కప్పు మీద, 40వ రోజు

ఇక్కడ నేను ముందుకే లెక్కపెట్టుకుంటున్నాను, ఏడాది మొదటి రోజునుంచి ఒకటి, రెండు అని. గురుగ్రహం ఆకాశంలో సగం ఆక్రమించి ఉంటుంది, చారల చారలుగా. అంత అందమైనది మనుషుల్ని చంపడమేమిటని మొదటి వారం కోపం వచ్చేది. ఇప్పుడు తల ఎత్తి చూసే తీరిక లేదు. పలకల మీద మంచు గీకుతాను, రేకుల బోల్టులు బిగిస్తాను. పొద్దున్నే ఓబులేసు తేదీ చెబుతాడు, నేను తిరిగి చెబుతాను. ఆ తర్వాత పావుగంట లెక్కల పాఠం. తరుగు ఎంత, నెల ఎప్పుడు, రెండు చివరలూ ఎందుకు కలపాలి. తెలివైనవాడు. యాభై ఏడులో కూడా తన లెక్క తప్పలేదని అతనికి చెప్పాను. తెలుసన్నాడు.

కప్పు మీద, 190వ రోజు

మొదటి సగం జట్టు దిగిపోయింది, రెండో జట్టు వచ్చింది. వెళ్ళేవాళ్ళు నావైపు చూడలేక చూశారు. పట్టీ సగం నలుపు. పళ్ళు కదులుతున్నాయి.

కప్పు మీద, 356వ రోజు. ఇంకా గంట కొట్టలేదు

గంటకు ముందే తీగ మోగింది. ఓబులేసు ఒక్కడే ఉన్నాడట. మంచం మోసినవాళ్ళను దూరంగా పంపించానన్నాడు. ఇవాళ పిలవాలి, నెల చేర్చమంటావా, వచ్చే ఏడాదికి జరపమంటావా అని అడిగాడు. జరిపితే ఈ పూటే నన్ను దించేస్తారు.

పట్టీ చూసుకున్నాను. గోరంత తెలుపు మిగిలింది. పోయిన వారంనుంచి ఎస్తేరులాగే నాకూ ముక్కునుంచి రక్తం. లెక్క నీకు తెలుసు కదా, నేనే కదా నేర్పాను, మళ్ళీ నన్నెందుకు అడుగుతావన్నాను.

"నేను నెల ఏస్తే నీమింద కసి తీర్చుకున్యా అనుకుంటావు. ఎయ్యకుంటే నువ్వు చేసిందే నేనూ చేసినట్ల. ఏంజేయాల్నో నాకు తెల్డంల్యా అక్కా. నువ్వు చెప్పు."

ఇరవై రెండు రోజులు ముందే కిందికి దిగి, వెచ్చగా పడుకుని, ఎవరికీ నష్టం లేదు అనుకోవచ్చు. వచ్చే ఏటి జట్టుకు ముందుగా చెప్పి ఏదో సర్దుబాటు చెయ్యొచ్చు. ఇవన్నీ నా బుర్రలో గబగబా తిరిగాయి. నిజం చెప్పాలంటే ఔను జరుపు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బతకాలని ఉంది. చాలా ఉంది.

"చేర్చు ఓబులేసూ. సరిసంఖ్య ఏడు. నీది కసి కాదు, లెక్క అది."

కాసేపటికి గంట మోగింది, తీగలో గరగరమంటూ. ఆ తర్వాత మెట్లమీదినుంచి అతని గొంతు వచ్చింది. "అరవై రెండు, అధికమాసం. కొత్త ఏడాదికి ఇరవై మూడు రోజులు." రెండు చివరలూ సరిగ్గా కలిపాడు.

పక్కనున్న జట్టువాళ్ళు నావైపు చూస్తున్నారు. గరాటు దగ్గరికి తీసుకుని, భయం గొంతులో పడకుండా ఒక్కో మాటా విడదీసి, అతను పిలిచిన తేదీని తిరిగి చెప్పాను.